రెండు సంఖ్యలతోనే బిందువు పూర్తి కాదు: వ్యవసాయ పరిశోధనలో స్థాన నమోదుపై ఒక అభిప్రాయం

భూసార నమూనా సేకరణ, చీడపీడల సర్వే, దిగుబడి అంచనా వంటి క్షేత్ర పరిశోధనలన్నింటిలోనూ ప్రతి పరిశీలనకు జిపిఎస్ నిరూపకాలు జోడించడం నేడు సాధారణమైంది. ఈ నిరూపకాలను పైథాన్ భాషలోని షేప్లీ, జియోపాండాస్ వంటి లైబ్రరీల సహాయంతో విశ్లేషించే పరిశోధక విద్యార్థుల సంఖ్య కూడా పెరుగుతున్నది. అయితే పరిశోధన పద్ధతుల విభాగంలో ‘నమూనా స్థానాలను జిపిఎస్ ద్వారా నమోదు చేయడమైనది’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టే అలవాటు మాత్రం మారలేదు. ఈ అలవాటును విడనాడవలసిన అవసరం ఉన్నది.

షేప్లీ దృష్టిలో బిందువు అంటే సమతలంపై ఉన్న ఒక స్థానం మాత్రమే. దానికి ఒక ఎక్స్ విలువ, ఒక వై విలువ ఉంటాయి. ఆ సంఖ్యలు డిగ్రీలా, మీటర్లా, ఏ భూ నమూనాకు చెందినవి అన్న సమాచారం ఆ బిందువులో ఉండదు. ఇది లైబ్రరీ లోపం కాదు. ఏ రంగానికైనా ఉపయోగపడేటట్లు దానిని ఆ విధంగా రూపొందించారు. కనుక అర్థాన్ని జోడించే బాధ్యత వినియోగదారునిదే.

మొదటి చిక్కు వరుస క్రమంలో ఎదురవుతుంది. వాడుకలో అక్షాంశాన్ని ముందు, రేఖాంశాన్ని తరువాత చెబుతారు. లైబ్రరీలో ఎక్స్ స్థానం రేఖాంశానిది. 2016లో ప్రమాణీకరించిన జియోజేసన్ కూడా రేఖాంశాన్నే ముందు ఉంచుతుంది. రాజేంద్రనగర్ సమీపంలోని 17.32, 78.40 అనే విలువలను తారుమారు చేస్తే ఆ బిందువు ఆర్కిటిక్ ప్రాంతంలోని స్వాల్‌బార్డ్ దీవులకు చేరుతుంది. లైబ్రరీ ఏ హెచ్చరికా చేయదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అక్షాంశాలు 12 నుండి 20 డిగ్రీల లోపు, రేఖాంశాలు 76 నుండి 85 డిగ్రీల లోపు ఉంటాయి. ఈ రెండు అవధులు ఎక్కడా కలవవు కాబట్టి ఒక చిన్న తనిఖీతో ఈ పొరపాటును పూర్తిగా నివారించవచ్చు. నిరూపకాలు లేని చోట సున్నాలు నింపడం వలన గినియా సింధుశాఖలో పడే బిందువులను కూడా ఇదే తనిఖీ పట్టుకుంటుంది.

రెండవ చిక్కు కొలమానానిది. 17 డిగ్రీల అక్షాంశం వద్ద ఒక డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 110.7 కిలోమీటర్లు కాగా, తూర్పు పడమరలుగా సుమారు 106.5 కిలోమీటర్లు. డిగ్రీలలో ఉన్న బిందువుల మధ్య షేప్లీ ఇచ్చే దూరం ఈ తేడాను గుర్తించదు. గట్టు ప్రభావాన్ని తొలగించడానికి కమతం సరిహద్దును 5 మీటర్లు లోపలికి జరపదలచి ‘మైనస్ 5’ అని ఇస్తే లైబ్రరీ దానిని 5 డిగ్రీలుగా గ్రహిస్తుంది. ఫలితంగా కమతమే మాయమై ఖాళీ ఆకృతి మిగులుతుంది. అందుచేత ముందుగా యుటిఎం వంటి మీటర్ల వ్యవస్థలోకి మార్చుకోవాలి. అక్కడ కూడా జాగ్రత్త అవసరం. 78 డిగ్రీల రేఖాంశం 43, 44 మండలాలకు సరిహద్దు. జహీరాబాద్, అనంతపురం 43వ మండలంలోనూ, హైదరాబాద్ 44వ మండలంలోనూ ఉన్నాయి. ఒకే జత సంఖ్యలు ఈ రెండు మండలాలలో 17 డిగ్రీల అక్షాంశం వద్ద దాదాపు 640 కిలోమీటర్ల ఎడం గల రెండు చోట్లను సూచిస్తాయి. ఎవరెస్ట్ దీర్ఘగోళంపై ఆధారపడిన పాత స్థలాకృతి పటాల నుండి తీసిన నిరూపకాలను డబ్ల్యుజిఎస్-84 విలువలతో నేరుగా కలిపినా స్థానభ్రంశం తప్పదు.

మూడవది సరిహద్దు నియమం. రెండు కమతాల ఉమ్మడి గట్టుపై సరిగ్గా పడిన బిందువును ‘కంటెయిన్స్’ అనే ప్రశ్నతో వెతికితే అది ఏ కమతానికీ చెందదు. ‘కవర్స్’ అని అడిగితే రెండింటికీ చెందుతుంది. అనగా ప్రశ్న ఎంపికను బట్టి ఒక నమూనా లెక్కలోకి రాకపోవచ్చు, లేదా రెండుసార్లు రావచ్చు. ఏ నియమం పాటించారో తెలియనిదే ఆ సగటులను మరొకరు సరిచూడలేరు.

లైబ్రరీయే ఇవన్నీ చూసుకోవాలని కొందరు వాదించవచ్చు. ఈ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. జియోపాండాస్ బిందువుల వరుసకు నిరూపక వ్యవస్థను జోడించి, డిగ్రీలలో దూరం కొలిచినప్పుడు హెచ్చరిస్తుంది. పోస్ట్‌జిఐఎస్‌లోని ‘జియోగ్రఫీ’ రకం దూరాన్ని మీటర్లలోనే ఇస్తుంది. 2022 డిసెంబరులో వెలువడిన షేప్లీ 2.0 నుండి ఒకసారి సృష్టించిన బిందువు విలువను మార్చడానికి వీలులేదు. సవరణకు కొత్త బిందువు సృష్టించవలసిందే కనుక మూల నమోదు చెక్కుచెదరదు. అయితే తప్పు వ్యవస్థను ప్రకటిస్తే ఏ లైబ్రరీ అయినా దానినే నమ్ముతుంది. పొలంలో ఏ పరికరం, ఏ అమరికతో కొలిచినదో పరిశోధకునికే తెలుసు.

దీనివలన నష్టపోయేది పరిశోధకుడొక్కడే కాదు. భూసార ఆరోగ్య పత్రాల పథకంలో నీటిపారుదల భూములలో 2.5 హెక్టార్లకు, వర్షాధార భూములలో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున నిర్ణయించారు. 2.5 హెక్టార్ల గడి భుజం సుమారు 158 మీటర్లు. బిందువు వంద మీటర్లు జరిగినా ఒక గడి ఫలితం పక్క గడికి అంటుకోవచ్చు. అప్పుడు ఒక రైతు భూమికి తగిన జింకు, భాస్వరం మోతాదు మరొక రైతుకు సిఫారసుగా అందుతుంది. ఆ ఖర్చు, ఆ దిగుబడి నష్టం రైతువే.

కావున స్థాన సమాచారంతో కూడిన ప్రతి పరిశోధన పత్రంలోనూ నాలుగు వివరాలను తప్పనిసరి చేయడం సమంజసం: నిరూపక వ్యవస్థ, దాని మండలం; విలువల వరుస క్రమం; పరికరం దోష పరిమితి; సరిహద్దు బిందువులకు పాటించిన నియమం. దోష పరిమితి తెలిపినప్పుడు దశాంశ స్థానాలకు కూడా అర్థం ఏర్పడుతుంది. ఆరుబయట సాధారణ స్మార్ట్‌ఫోన్ దోషమే సుమారు 5 మీటర్లు ఉండగా, ఐదవ దశాంశ స్థానం ఒక మీటరును సూచిస్తుంది. పది స్థానాలు ముద్రించడం లేని కచ్చితత్వాన్ని చాటుకోవడమే అవుతుంది. ఈ వివరాలకు పద్ధతుల విభాగంలో మూడు వాక్యాలు చాలు. స్నాతకోత్తర విద్యార్థుల గణాంక ప్రయోగ తరగతులలో వీటికి ఒక పూట కేటాయించడం కూడా విశ్వవిద్యాలయాలకు భారం కాబోదు.