సైన్యము విడిచిన బండి



ఈ నెల చందుర్తి నుండి ఒక సహోదరుడు వ్రాసిన ఉత్తరము నా ముందున్నది. సైన్యము వేలములో అమ్మిన పాత శక్తిమాన్ లారీ ఒకటి చేతులు మారి ఆయన దగ్గరకు వచ్చినదట. కోతల కాలములో వడ్లు తోలుతున్నారు. "అన్నా, ఈ బండిని ఎట్లా కాపాడుకోవాలి? కూటములకు సంఘమును ఎక్కించుకొని రమ్మంటున్నారు, పోవచ్చునా?" అని రెండు ప్రశ్నలు అడిగారు. ఈ శీర్షికలో లారీ సంగతి ఏమిటని కొందరు అనుకోవచ్చు. నేను సేవకు రాకముందు చాలా ఏండ్లు స్టీరింగు పట్టినవాడను గనుక నన్నే అడిగి ఉంటారు.

శక్తిమాన్ మన ఇంటి ముంగిట పుట్టిన బండి కాదు. జర్మనీలోని మాన్ కంపెనీ లైసెన్సు తీసుకొని మన ప్రభుత్వము 1959 నుండి జబల్‌పూరులో తయారు చేయించినది. 1965లోను, 1971లోను యుద్ధమునకు పోయిన బండి ఇదే. రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు తన పేరు నిలిచిపోయిన ఇంజనును 1897లో నడిపి చూపించినది కూడా ఆ మాన్ కంపెనీకి మూలమైన ఆగ్స్‌బర్గు కార్ఖానాలోనే. కత్తులు నాగళ్లగుటను గూర్చి యెషయా చెప్పిన దినము ఇంకా రాలేదు గాని, సిపాయిలను మోసిన బండి వడ్ల బస్తాలు మోస్తున్నదంటే నాకు సంతోషమే.

అయితే 1996తో దీని తయారీ ఆగిపోయినది. సామాను కావాలంటే ఇంకొక పాత బండి విప్పినప్పుడు దొరికినదే. గనుక తమ్ముడూ, బాగు చేయించుటకంటె చెడిపోకుండ చూచుకొనుటే నీకు చౌక. సైన్యములో డ్రైవరు బయలుదేరక ముందు, దారిలో ఆగినప్పుడు, తిరిగి వచ్చిన తరువాత బండిని చూడవలెను. నీవును అదే అలవాటు చేసుకో.

డీజిల్ ఇంజనులో నిప్పు రవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకని డీజిల్‌లో నీళ్లు చేరినా, పైపులో గాలి చేరినా దానికి ప్రాణము మీదికి వస్తుంది. సాయంత్రము ట్యాంకు నింపి పెట్టు. ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి నీటి చెమ్మ పడుతుంది. ఉదయమే ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు వదులు. గాలి పట్టి బండి ఆగిపోతే సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీలు చంపవద్దు. ఫిల్టరు మీది గాలి స్క్రూ కొంచెము వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు రాని దాకా డీజిల్ కారనిచ్చి బిగించు.

పొగను కూడా చూడు. నల్లపొగ వస్తే గాలి చాలడము లేదు, లేదా బరువు ఎక్కువైనది. కోతల దుమ్ములో ఎయిర్ ఫిల్టరు వారము తిరగకముందే పూడుతుంది. నీలిపొగ అంటే ఇంజనాయిలు కాలుతున్నది. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ ఆగకపోతే మేస్త్రీకి చూపించు. రేడియేటరులో మన బోరు నీళ్లు పోయవద్దు, లోపల సున్నము కడుతుంది. ముందు చక్రాలకు కూడ పట్టు ఇచ్చే గేరు బురదలోనే వేయాలి. తారు రోడ్డు ఎక్కగానే తీసేయాలి. తీయకపోతే మలుపులో ముందు చక్రాలు ఒక దూరము, వెనుక చక్రాలు ఒక దూరము తిరిగి, ఆ పెనుగులాట అంతా గేర్ల మీద పడుతుంది.

ఇక బ్రేకులు. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి.

చాలా ఏండ్ల క్రిందట నేను నడిపిన బండి కూడ సైన్యము విడిచినదే, ఆయిల్ బ్రేకులది. ఒకనాటి ఉదయము వెనుక టైరు లోపలి వైపు తడి కనిపించినది. రాత్రి మంచు అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని చూశానా, దేవునికి తెలుసు. అవతల కూటములకు వేళ అవుతున్నది. కాపరిగారు బండి మీద చేయి పెట్టి ప్రార్థించారు. ఇరవై ముగ్గురిని ఎక్కించుకున్నాను. తిరుగు దారిలో దిగుడున డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేశాను. మలుపు ముందర పెడలు తొక్కితే అడుగుదాక పోయినది. గేరు పడలేదు. కుడి ప్రక్క నాటుకు దున్నిన మడి ఉంటే అందులోకి తిప్పాను. బండి కూరుకొని ఆగినది. ఒక చిన్న పిల్ల చేయి విరిగినది.

మరుసటి ఆదివారము సంఘములో కృతజ్ఞతార్పణ జరిగినది. నేను లేచి సాక్ష్యము చెప్పాను. అందరు స్తోత్రము అన్నారు. పాతబడి పగిలిన రబ్బరు పైపు సంగతి, ఉదయము చూసిన ఆ తడి సంగతి మాత్రము చెప్పలేదు. ఆ పిల్ల తండ్రి నాకు చేయి కలిపి వందనము చేసినాడు. ఇప్పుడు ఇక్కడ వ్రాస్తున్నాను.

ద్వితీయోపదేశకాండము 22:8 తీసి చదువు. క్రొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవడైనా పడితే ఆ రక్తము ఇంటివాని మీదనే అని అక్కడి భావము. ప్రార్థన చేసుకొని మిద్దె ఎక్కండి అని చెప్పి ఊరుకోలేదు. ప్రార్థన వద్దని నేను అనడము లేదు. ముందు బండి క్రిందికి దూరి చూసి, ఆ తరువాత మోకరించు.

రెండవ ప్రశ్నకు జవాబు: పోవద్దు. వడ్ల బండి వడ్లకే. చట్టమును అట్లే ఉన్నది. సరుకుల లారీలో ఊరికే ఎక్కినవారికి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యురాలు కాదని 2002లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ఏదైనా జరిగితే ఆ కుటుంబము నీ గడప ముందర నిలబడుతుంది, నీ పొలము పోతుంది. సంఘ పెద్దలు నొచ్చుకుంటారని భయపడకు. ఈ పేజీ వారికి చూపించు. ఆర్టీసీ బస్సు మాట్లాడుకుంటే తలకు కొంత పడుతుంది, అంతే.

ఎనిమిదేండ్లు దాటిన లారీకి ఏటేట ఫిట్‌నెస్ చేయించాలి. వేలము కాగితములు, ఆర్సీ సరిగా ఉన్నవో లేవో కూడ చూసుకో. దిగుడులో న్యూట్రల్ వద్దు, ఎక్కిన గేరులోనే దిగు. గాలి బ్రేకులైతే సాయంత్రము ట్యాంకులోని నీళ్లు వదులు, ఉదయము ముల్లు పైకి వచ్చేదాక కదలకు. నీ బండికి ఏ బ్రేకులో ఉత్తరములో వ్రాయలేదు. ఆయిల్‌వి అయితే రబ్బరు పైపులన్నీ ఒక్కసారే మార్పించు, చూడటానికి బాగున్నా సరే. వచ్చే నెల వేములవాడ వైపు రావలసి ఉన్నది. చందుర్తి దాకా వస్తాను. క్రింద పడుకొని చూడటానికి ఒక గోనెపట్టా, మంచి టార్చిలైటు తీసిపెట్టు.