ముగ్గు మడతలలో ఏరియల్ తీగ

గణితము, శాస్త్రము ఇంగ్లీషున చదివిననే తలకెక్కుననియు, తెలుగు ఇంట మాటలాడుకొనుటకు చాలుననియు మన తలిదండ్రులలో పలువురు తలంచుచున్నారు. నాయకరాజుల నాటినుండి మధురలోను, కోయంబత్తూరు పల్లెలలోను నిలిచిన తెలుగిండ్లలోనే ఈ మాట వినబడుచున్నది. మేము దీనికి సమ్మతింపము. ఒక్క దృష్టాంతము చూపెదము.

27 సెంటీమీటర్ల సరళరేఖను మూడు సమభాగములు చేయుడు. నడిమి భాగమును తుడిచివేసి, ఆ చోట అంతే పొడవుగల రెండు గీతలను గుడిసె కప్పువలె నిలుపుడు. మొత్తము గీత 36 సెం.మీ. అగును. ప్రతి ముక్కకును మరల అట్లే చేసిన 48. ఇంకొక మారు చేసిన 64. కొనల నడిమి దూరము మాత్రము 27 గానే యుండును. స్వీడన్ దేశీయుడైన కోచ్ 1904లో చెప్పిన వక్రరేఖ ఇది. భాగమునందు సమస్తరూపము మరల కానవచ్చు ఇట్టి ఆకృతులకు మాండెల్‌బ్రాట్ 1975లో ఫ్రాక్టల్ అని పేరిడెను.

1988లో అమెరికాలో నేథన్ కోహెన్ ఏరియల్ తీగను ఇట్లు మడిచి చూచెను. ప్రయోజనమేమి? కొడైకెనాల్ ఎఫ్.ఎం. 100.5 మెగాహెర్ట్జ్‌పై పలుకుచున్నది; దాని తరంగము పొడవు సుమారు 3 మీటర్లు. నిలువు తీగ అందు నాలుగవ వంతు, అనగా 75 సెం.మీ., ఉండుట మేలు. మడిచినచో తక్కువ ఎత్తున ఎక్కువ తీగ ఇముడును. అయితే 64 సెం.మీ. మడత తీగ అంతే పొడవుగల నిలువు తీగకు సాటిరాదు. ప్రక్కప్రక్క మడతలలో ఎదురెదురుగా పారు విద్యుత్తు ఒకదాని ఫలమును మరియొకటి కొంత హరించును. పైగా ఏరియల్ చిన్నదగుకొలది అది చక్కగా అందుకొను తరంగముల పరిధి ఇరుకగును. ఈ హద్దును ఎల్.జె.చూ అను శాస్త్రజ్ఞుడు 1948లోనే లెక్కగట్టెను.

ఇది వినగానే, మన ముగ్గులలో ఇదంతయు ముందే కలదని మురియువారును లేకపోలేదు. మెలికముగ్గులలో చిన్నదానిని మరల మరల కూర్చి పెద్దది చేయు క్రమము కలదు, నిజమే. ఆ క్రమమును గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ, కమలా కృతివాసన్ 1974లో గణిత నియమములుగా ప్రకటించిరి. ముగ్గు పెట్టు చేతికి ఆ క్రమము తెలియును. రేడియో తరంగము తెలియదు. లేని గొప్ప మనకేల? (అదియునుగాక, మనకు ముగ్గైనది తమిళులకు కోలము, అది ఇరువురి సొత్తు.)

ఫ్రాక్టల్ పేరునకును మహిమ లేదు. ఎత్తును, తీగ పొడవును సమముగా నుంచి పోల్చినచో సామాన్యపు వంకలును కోచ్ మడతలకు తీసిపోవని స్టీవెన్ బెస్ట్ అను ఇంజనీరు 2003లో ప్రకటించెను. కొలిచి చూచినవాని మాటయే మాట.

ఇంతవరకు చెప్పినదానిలో ఏరియల్, ఫ్రాక్టల్ వంటి కొన్ని మాటలు అరువు తెచ్చుకొంటిమి. తక్కిన భావమంతయు తెలుగుననే సాగినది. ఇంగ్లీషు వలదని మేము అనుట లేదు. భావము మొదట ఇంటి భాషలో నాటుకొన్న పిల్లవాడు దానిని ఏ భాషలోనైనను మరల చెప్పగలడు.

కోయంబత్తూరున మోటార్లు చుట్టు రాగితీగకు కొదువ లేదు. తలిదండ్రులు పిల్లలకు రెండు మీటర్లు ఇప్పింపుడు. విద్యార్థులారా! 64 సెం.మీ. చొప్పున మూడు ముక్కలు తీసికొని, ఒకదానిని నిటారుగా నుంచి, ఒకదానిని కోచ్ విధమున, ఒకదానిని వట్టి వంకలుగా 27 సెం.మీ. ఎత్తునకు మడువుడు. ఒకే చోట, ఒకే రేడియోకు ఒక్కొక్కటిగా తగిలించి, కొడైకెనాల్ వినుచు హోరు దేనిలో తక్కువో తెలుగులో వ్రాసి సంక్రాంతి సెలవుల తరువాత తెండు.