ఫోన్ మోగితే చాలదు, పని తెలియాలి

కొలకలూరు రైతులారా, కౌలుదారులారా, కూలి అక్కచెల్లెళ్లారా!

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు మనకు కోతల కాలం. ఫోన్లు ముందు నుంచే మోగుతున్నాయి. గాలి వేగం చెప్పారు, అప్రమత్తంగా ఉండమన్నారు. కోయని చేను కోయాలా, ఆపాలా? పనల మీదున్నది తడిస్తే ఏం చేయాలి? ఒక ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. పైనుంచి ఇంకా ఏమీ రాలేదన్నారు.

తడిసిన పనల్లో గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లాలని శాస్త్రవేత్తలు ఏనాటి నుంచో చెబుతున్నారు. 20 లీటర్ల ట్యాంకుకు కిలో ఉప్పు, అంతే. ఆ ముక్క నా చెవిన పడేసరికి వెన్నులకు తెల్లటి మొలకలు వచ్చేశాయి. మొలకొచ్చాక తెలిసిన మాట ఎవరికి కావాలి? వేళకు వచ్చి, మన చేత పని చేయించేదే సమాచారం. తక్కినదంతా ఫైళ్లు నింపే కాగితం.

బాపట్ల పరిశోధన స్థానం 1986లో ఇచ్చిన వరి రకం బీపీటీ 5204 దేశమంతా పాకింది. విత్తనం అంత దూరం పోయింది గానీ, ఆ చేను పడిపోతే ఏం చేయాలన్న మాట బాపట్ల నుంచి కొలకలూరు రాలేకపోయింది! 1977 నవంబరు 19 మరిచారా? రేపల్లె ఎదురొడ్డున దివిసీమలో వేలమంది ఉప్పెనకు కొట్టుకుపోయారు. హెచ్చరిక వెలువడింది. అది చాలదు, ఏ గట్టెక్కాలో ఇంటింటికీ వెళ్లి చెప్పే మనిషి ఉండాలి.

అడిగితే అధికారులు రైతులు చదవరంటారు, సిబ్బంది చాలరంటారు. చదవనివాడికి మైకులో చెప్పండి. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఏమంటోంది? అడగకముందే చెప్పాలి, స్థానిక భాషలో చెప్పాలి, ఆ చోట బాగా చేరే పద్ధతిలో చెప్పాలి. ఇది ఎవరి దయా కాదు.

పైనుంచి రావాల్సిన మాటే కాదు, ఊళ్లో ఉన్నదీ నిలవడం లేదు. ఏ మురుగు కాలువ పూడితే ఏ చేను మునుగుతుందో ఊళ్లో నీళ్లు కట్టేవాడికి తెలుసు. రాసుకున్నవాడు లేడు. ఆఫీసరు బదిలీ అయితే ఆయన నేర్చుకున్నదీ ఆయనతోనే పోతోంది.

మనం కోరేది ఇది: రైతు సేవా కేంద్రం గోడ మీద పెద్ద బోర్డు. తేదీ, ఏ పైరు ఏ దశలో ఉంది, ఈ రోజు చేయాల్సిన పని, చెప్పినవారి పేరు. ధాన్యం కప్పే పట్టాలు ఎన్ని ఉన్నాయో, ఎవరి దగ్గరున్నాయో కూడా దాని మీదే ఉండాలి. తుపాను తగ్గిన వారంలోగా ఎవరి చేలో ఏది ఫలించిందో రాసే పుస్తకం, అదీ పంచాయతీలోనే ఉండాలి.

వచ్చే గ్రామసభకు అందరూ రండి. ఈ కోరికల తీర్మానం పుస్తకంలోకి ఎక్కి సంతకాలు పడేదాకా లేవకండి.