అప్‌డేట్లు... తమంతట తామే!

2017 మే 12న 'వన్నాక్రై' అనే రాన్సమ్‌వేర్ దేశదేశాల కంప్యూటర్లకు తాళాలు వేసింది. తీయాలంటే డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. విచిత్రమేమిటంటే, అది చొరబడిన కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. మందు వచ్చి రెండు నెలలైనా చాలామంది వేసుకోలేదన్నమాట!

అవి విండోస్ కంప్యూటర్లు. ఇప్పుడు లీనక్స్ వంతు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11ను మోయలేని పాత కంప్యూటర్‌ను మూలన పడేయకుండా ఉచితంగా దొరికే ఉబుంటునో మింట్‌నో వేసుకోవచ్చు. నల్గొండలో పిల్లల చదువుకైనా, మహబూబ్‌నగర్‌లో దుకాణం లెక్కలకైనా అది సరిపోతుంది. అయితే 'లీనక్స్‌కు వైరస్ రాదు' అని వదిలేస్తేనే చిక్కు. లోపాలు అందులోనూ బయటపడుతుంటాయి.

రోజూ గుర్తుపెట్టుకుని అప్‌డేట్ చేయడం ఎవరివల్లా కాదు. అందుకే ఉబుంటులో 'అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్' అనే ప్రోగ్రామ్ ఉంది. భద్రతకు సంబంధించిన అప్‌డేట్లను అదే వెతికి, తెచ్చి, వేసేస్తుంది. 'సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్' తెరిచి, 'అప్‌డేట్స్' ట్యాబ్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ల ఎదురుగా 'డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్ ఆటోమేటికల్లీ' అని ఉందో లేదో చూసుకుంటే చాలు. మింట్‌లోనైతే అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో 'ఆటోమేషన్' అని ఉంటుంది. అక్కడ ఆన్ చేయాలి.

ఇక్కడో కిటుకు ఉంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే ఉబుంటు మామూలుగా ఈ పని చేయదు. డేటాకు లెక్క ఉండే 'మీటర్డ్' కనెక్షన్ అని తెలిసినా ఆగిపోతుంది. ఫోన్ డేటా అయిపోకుండా ఇది మేలే. కానీ దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల్లో ఎప్పుడూ ఫోన్ హాట్‌స్పాట్ మీదే ఆధారపడే ల్యాప్‌టాప్‌కు నెలల తరబడి ఒక్క అప్‌డేటూ అందకపోవచ్చు. ఆటోమేటిక్ పెట్టాం కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. అందుకే వారానికోసారైనా ఛార్జర్ పెట్టి, బ్రాడ్‌బ్యాండ్ ఉన్నచోట కాసేపు ఆన్‌లో ఉంచాలి.

యంత్రానికి వదలకూడని పనులు మూడు. ఒకటి, రీస్టార్ట్. కెర్నల్‌కు వచ్చిన అప్‌డేట్ మామూలుగా కంప్యూటర్‌ను ఆపి, మళ్లీ వేస్తేగానీ పనిచేయదు. రెండు, బ్యాకప్. ఫొటోలు, లెక్కలు, సర్టిఫికెట్లు వేరే డిస్క్‌లోనూ ఉండాలి. మూడు, గడువు. ఉబుంటు 24.04కు మామూలు సపోర్ట్ 2029 వరకే. ఆ తర్వాతి వెర్షన్‌కు ఈ ఆటోమేటిక్ ఏర్పాటు తీసుకెళ్లదు, మనిషే పూనుకోవాలి.