నాలుగు డిస్కులు, మూడింటి చోటు

కళాశాల రికార్డులను, పాత సంచికలను కంప్యూటరులో భద్రపరచవలెనను ఆలోచన ఈనాడు విద్యాసంస్థలన్నింటిలోను వినవచ్చుచున్నది. ఆలోచన మంచిదే. కాని యంత్రం కొనుటకు కూర్చున్నపుడు పెద్దలు అడుగు ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "ఎన్ని టెరాబైట్లు?" అంతకన్న ముందు అడుగవలసినది వేరొకటి కలదని మా అభిప్రాయం. ఒక డిస్కు పాడైననాడు మనకు మిగులునదేమి?

అనేక డిస్కులను ఒక పెట్టెలో చేర్చి, కంప్యూటరుకు అవన్నియు ఒకే డిస్కుగా కనిపించునట్లు చేయు పద్ధతిని రెయిడ్ అందురు. 1988లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు ప్రకటించిన పరిశోధన పత్రంతో ఈ పేరు వ్యాప్తిలోకి వచ్చినది. అట్లు ఒక్కటిగా కనిపించుదానిని వర్చువల్ డిస్కు అని వ్యవహరింతురు. దాని సామర్థ్యం లోపలి డిస్కుల మొత్తానికి సమానమని తలచుట పొరపాటు.

4 టెరాబైట్ల డిస్కులు నాలుగు కొన్నామనుకొందము. మొత్తం 16. రెయిడ్ సున్న అను పద్ధతిలో ఆ 16 మనకే దక్కును. కాని ఒక్క డిస్కు చెడినను సర్వం నశించును. రక్షణ సున్న కనుకనే దానికి ఆ అంకె. ప్రతి డిస్కుకు ఒక జంట ప్రతి ఉంచు పద్ధతిలో 8 మాత్రమే దక్కును. రెయిడ్ ఐదులో 12 దక్కును, ఒక డిస్కు పోయినను సమాచారం నిలుచును. రెయిడ్ ఆరులో 8 దక్కును, ఏ రెండు పోయినను నిలుచును.

రెయిడ్ ఐదులో జంట ప్రతి లేకయే పోయినది తిరిగి వచ్చుట ఎట్లు అని విద్యార్థులు అడుగుదురు. మార్కుల పట్టికను చూడుడు. ఒక విద్యార్థికి మూడు పాఠ్యాంశాలలో 62, 55, 71 వచ్చినవి, మొత్తం 188. మధ్య అంకెపై సిరా ఒలికినచో 188 నుండి 62, 71 తీసివేసిన 55 తిరిగి లభించును. పారిటీ అనబడు లెక్క చేయు పని స్థూలంగా ఇదియే. యంత్రం కూడికకు బదులు వేరొక గణితప్రక్రియను వాడును. రెండు అంకెలపై సిరా ఒలికినచో ఒక్క మొత్తం చాలదు, రెండవ లెక్క కావలెను. రెయిడ్ ఆరు ఆ రెండవ లెక్కను కూడ వ్రాసి ఉంచును. పెద్ద డిస్కు చెడి క్రొత్తది పెట్టినపుడు దానిని తిరిగి నింపుటకు గంటల తరబడి కాలం పట్టును. ఆ సమయంలో రెండవది చెడుట అరుదైనను అసంభవం కాదు.

పొదుపు కొరకు మూడు 4 టెరాబైట్ల డిస్కులకు 2 టెరాబైట్ల పాత డిస్కును జతచేయు వారు కలరు. బక్కయెద్దు నడకయే బండి నడక. సాధారణంగా రెయిడ్ ఐదు అన్నింటిని 2 గానే లెక్కించి 6 మాత్రమే ఇచ్చును. ఇంకొక మాట. తయారీదారులకు టెరాబైటు అనగా లక్ష కోట్ల బైట్లు. కంప్యూటర్లు పెక్కు 1024 చొప్పున లెక్కించును గనుక 4 టెరాబైట్ల డిస్కు తెరపై సుమారు 3.6గా కనిపించును. దుకాణదారుని నిందించి ప్రయోజనం లేదు.

"సగం డబ్బు వృథా కదా" అని కమిటీలో ఎవరైనను అనవచ్చును. పోయిన తరువాత తిరిగి సంపాదింపరాని దానికి చెల్లించు మూల్యం వృథా కాదని మా మనవి. అయినను రెయిడ్ ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండుట అంతకన్న పెద్ద ప్రమాదం. పొరపాటున ఒక ఫైలును తుడిచివేసినచో జంట డిస్కు కూడ అంతే విధేయతతో తుడిచివేయును. పిడుగు పడినను, దొంగ వచ్చినను, వరద వచ్చినను పెట్టె మొత్తం పోవును.

వరద మాట మన ప్రాంతం వారికి వేరుగా చెప్పనక్కరలేదు. భద్రాచలం వద్ద 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక. గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీలలోని ఇండ్లను ముంచినది; బియ్యంతో పాటు పిల్లల సర్టిఫికెట్లు కూడ తడిసిపోయినవి. తొలితరం చదువరి ఇంటిలో ఆ కాగితమే ఆస్తి. కళాశాల వద్ద గల నకలు కూడ అదే నీటిలో మునిగినచో వారు ఎవరిని ఆశ్రయింపవలెను?

మనకు పూర్వాదర్శం లేకపోలేదు. యమామా యుద్ధంలో హాఫిజులు పలువురు అమరులైన పిమ్మట హజ్రత్ అబూ బకర్ (రజి.) కాలంలో దివ్య ఖురాన్‌ను ఒకచోట లిఖితరూపంలో చేర్చిరి. హజ్రత్ ఉస్మాన్ (రజి.) ప్రతులు వ్రాయించి వేర్వేరు నగరాలకు పంపిరి. హృదయాలలో ఒకటి, పత్రాలపై ఒకటి, దూరనగరాలలో మరికొన్ని. ఇక మన కాలం విషయం. ఆచార్య రాజ్ రెడ్డి గారి ప్రేరణతో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం తెలుగు, ఉర్దూ గ్రంథాలను ఎన్నింటినో స్కాన్ చేయించినది. కాలక్రమాన దాని మూల వెబ్‌సైటు మూతపడినది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మరొక ప్రతి ఉన్నందున వానిలో అనేకం నేటికిని చదువరులకు అందుచున్నవి.

కావున కమిటీ వారికి మా సూచన: చోటు తగ్గినను రెయిడ్ ఆరు పద్ధతినే కోరుడు. మిగిలిన డబ్బుతో విడి డిస్కులు రెండు కొని, ఒకటి ఏటి ఒడ్డుకు దూరంగా మరొక ఊరిలో ఉంచుడు. ఆరు నెలలకొకసారి వానిని మార్చుచు, తెరచి చదివి చూచు బాధ్యతను ఇద్దరు విద్యార్థులకు అప్పగింపుడు. స్కానింగు మాత్రం ఉర్దూ పుటలతో ఆరంభింపవలెను. నస్తాలీఖ్ లిపి కంప్యూటరులోనికి రాకపూర్వం ఆ పుటలను కాతిబులు చేతితో వ్రాసిరి. బీరువాలో వానికి రెండవ ప్రతి లేదు.