అడవిని నిలిపిన పిట్ట

పిల్లలూ! మన తెలుగు "పిట్ట" దక్షిణ అమెరికా చేరిందంటే నమ్ముతారా? అక్కడి అడవుల్లో నేలమీద గెంతే ఒక పక్షికి శాస్త్రజ్ఞులు "ఆంట్‌పిట్టా", అంటే చీమపిట్ట అని పేరు పెట్టారు. ఆ "పిట్టా" మన మాటే!

ఈక్వడార్ దేశం మన దేశంలో పదోవంతైనా ఉండదు. పక్షిజాతులు మాత్రం 1,600కు పైనే. అయినా పెద్ద చీమపిట్ట కంటపడడం దుర్లభం. మిందో ఊరి దగ్గర ఆంహెల్ పాస్ అనే రైతు వానపాములు వేసి వేసి ఒకదాన్ని మచ్చిక చేశాడు. "మరియా!" అని పిలిస్తే వచ్చేది. దాన్ని చూడడానికి దేశదేశాలవాళ్లు రుసుమిచ్చి రాసాగారు. ఆ రాబడితో ఆయన తన అడవిని కాపాడుకున్నాడు.

పక్షుల్ని చూడబోతే ఆ ఊరివాణ్ణే దారి చూపమనండి. మీకు ఖర్చు తక్కువ, అతనికి జీవనం. చెట్టు కొడితే డబ్బు ఒక్కసారే; నిలబెడితే ఏటేటా!