నాలుగు గజముల ఆకాశము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. హైదరాబాదు పాతపేటలలో ఇల్లు కట్టదలచిన సామాన్యునకు ఈ రెంటిలో మొదటిదే గొప్ప పరీక్ష. అన్నదమ్ములు తండ్రి యింటిని పంచుకొనగా ఒక్కొక్కరికి దక్కునది ఏ డెబ్బది గజములో. దానిని అమ్ముకొని ఊరి వెలుపలికి పొమ్మని కొందరు హితవు చెప్పుదురు. పోయినవాడు బడికిని, కొలువునకును దూరమై, ప్రొద్దు సగము బస్సులో గడపవలెను. అతని వెనుకనే నగరము పొలములమీదికిని, చెరువులమీదికిని ప్రాకును. కనుక ఉన్న పేటలో, ఉన్న నేలమీదనే చిన్న యిల్లు కట్టుకొనుట మేలైన పని.

2020వ సంవత్సరమున తెలంగాణలో చేసిన చట్టము ఈ సత్యమును గుర్తించినది. 75 చదరపు గజములకు మించని స్థలమున, 7 మీటర్ల ఎత్తు దాటకుండ, ఒక్క మేడతో కట్టుకొను ఇంటికి, నిబంధనలకు లోబడినచో, ముందుగా అనుమతి అక్కరలేదనియు, 1 రూపాయి చెల్లించి నమోదు చేసికొనిన చాలుననియు అది చెప్పినది. కచేరీల చుట్టు తిరుగు బాధ తప్పుట సంతోషమే. కాని అధికారి చూడనిచోట చూడవలసినది ఎవరు? ఇంటివాని మనస్సాక్షియే.

75 గజములనగా, మాటకు, 15 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. ఇరుప్రక్కల పొరుగు గోడలు. ప్రక్క కిటికీకి తావు లేదు. ముందుగదికి వీథి వెలుతురు వచ్చును. నడిమి గదికి పట్టపగలే దీపము కావలెను. చదువుకొను పిల్లలకు తరచుగా దక్కునది ఆ గదియే.

మన పూర్వులు దీనికి మందెరుగుదురు. మండువా లోగిలిలో వెలుతురు ప్రక్కనుండి గాక పైనుండి దిగును. చిన్న యింట నడుమ 6 అడుగుల చదరమును ఆకాశమునకు విడిచినచో పోవునది 4 గజములు, మిగులునది 71. దానితో నడిమి గదికి పగలు వచ్చును, వేడిగాలి పైకి పోవును, వాననీరు ఇంకుడు గుంతకు చేరును. పొరుగువాడును దాని సరసనే విడిచినచో ఇరువురకును లాభమే. గజము ఖరీదు చూచి వదలలేమనువారు కలరు. చీకటిగదికి చెల్లించు ఖరీదును వారు లెక్కలో వేయుట లేదు.

ఉపాధ్యాయులు ఒకనాటి గణితపు గంటలో పిల్లలచేత తమ యిండ్లను కొలిపించి, పగటిపూట దీపము లేక చదువరాని గదులెన్నియో లెక్కింపజేయుదురు గాక. రేపు ఇండ్లు కట్టువారు వారే.